దొర్దోన్యలో వారం రోజులు, ఒకే ఇంట్లో

మా అమ్మకు డెబ్బై మూడేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిడను కూడా యూరప్ తీసుకెళ్దామని అనుకున్నప్పుడు హైదరాబాద్‌లో ఒక టూర్ వాళ్లు ప్లాన్ కాగితం ఇచ్చారు. పది రోజుల్లో ఐదు దేశాలు, రోజుకో హోటల్, పొద్దున్నే ఏడింటికల్లా బస్సులో ఉండాలి. అమ్మ అది మొత్తం చదివి పక్కన పెట్టేసింది. "నాకు ఒక్క ఊరు చాలమ్మా. అక్కడ వంటిల్లు ఉంటే ఇంకేం కావాలి" అంది.

మా అమ్మాయి ఫ్రాన్స్‌లో తులూజ్ అనే ఊళ్లో చదువుకుంటోంది. అమ్మమ్మ మాట వినగానే దొర్దోన్య పేరు చెప్పింది. తులూజ్ నుంచి కారులో రెండున్నర, మూడు గంటల దూరం. ఫ్రాన్స్‌లోనే నైరుతి వైపు ఉండే పల్లె ప్రాంతం, పాత పేరు పెరిగోర్. నది, సున్నపురాయి కొండలు, వాల్‌నట్ తోటలు, రాతి ఇళ్లు. సర్లా అనే చిన్న పట్నానికి దగ్గర్లో ఒక పాత రైతు ఇల్లు వారానికి అద్దెకు దొరికింది. ఇలాంటి పల్లె ఇళ్లను అక్కడ 'జీత్' అంటారు. మూడు గదులు, చిన్న ఈత కొలను, పెద్ద వంటిల్లు. మెట్లు ఎక్కకుండా ఒక పడకగది కింద ఉంటేనే తీసుకుంటామని ముందే చెప్పాం. ఫోటోలు ఎంత బాగున్నా సరే, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మొదట అడగాల్సింది ఇదే.

ఒప్పందం ఫ్రెంచ్‌లో వచ్చింది. అడ్వాన్స్ దగ్గర అమ్మాయి ఆగింది. అక్కడ అడ్వాన్స్ రెండు రకాలట. 'ఆర్' అని రాసి ఉంటే మనం మానుకున్నప్పుడు ఆ డబ్బు మాత్రమే పోతుంది, యజమాని మానుకుంటే మనకు రెట్టింపు తిరిగి ఇవ్వాలి. 'అకోంత్' అని ఉంటే రెండు వైపులా ఖాయమైనట్టే, మానుకుంటే మొత్తం అద్దెకే బాధ్యత రావచ్చు. వీసా ఇంకా చేతికి రాలేదు కాబట్టి మాకు మొదటిదే కావాలని యజమానికి రాశాం. ఆవిడ ఒప్పుకుని ఆ ఒక్క మాట మార్చి పంపింది. ఒక్క మాటే, కానీ ఆ తర్వాత రెండు నెలలు నేను టెన్షన్ లేకుండా నిద్రపోయాను.

సంతకాలైన ఆ ఒప్పందమే వీసాకి బస రుజువుగా పనికొచ్చింది. దానితో పాటు ముప్పై వేల యూరోలకు తగ్గని వైద్య బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, విమానం టికెట్ల బుకింగ్. వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. మేము మూడు నెలల ముందు చేశాం. వేలిముద్రల దగ్గర అమ్మవి సరిగ్గా పడలేదు. ఏళ్ల తరబడి గిన్నెలు తోమిన వేళ్లు. అక్కడి అమ్మాయి ఓపిగ్గా తడిగుడ్డతో తుడిచి నాలుగోసారి తీసుకుంది. మూడు వారాలకు పాస్‌పోర్టులు వచ్చాయి.

సామాను సర్దేటప్పుడు ఇంకో సంగతి తెలిసింది. పాలు, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. అంటే అమ్మ కాచి పెట్టిన నెయ్యి సీసా ఇంట్లోనే ఉండిపోవాలి. పాలకోవా కూడా. కందిపప్పు, చింతపండు, కారం, ఇంగువ పెట్టుకున్నాం. అమ్మ తన పోపు గరిటె కూడా చీర మడతలో పెట్టి సూట్‌కేసులో దాచింది.

తులూజ్ విమానాశ్రయంలో కారు తీసుకోవడం మొత్తం ప్రయాణంలో నాకు కష్టమనిపించిన ఘట్టం. మా వారు ఇక్కడ ఆర్టీవోలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నారు, ఆటోమేటిక్ గేరు కారు కావాలని ముందే బుక్ చేశారు. అంతా సరిగ్గానే ఉంది. కానీ డిపాజిట్‌కు డెబిట్ కార్డు కుదరదన్నారు. నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలట. మా ఇంట్లో ఆ కార్డు నా పేరు మీద ఉంది. గంటన్నర నిలబెట్టి, చివరికి మా దగ్గర ఖరీదైన బీమా కట్టించుకుని డెబిట్ కార్డుతోనే తాళాలు ఇచ్చారు. బుకింగ్‌లో అడుగున చిన్న అక్షరాలతో రాసిన ఆ షరతు మేము చదివి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

సూయాక్ దగ్గర ఎక్స్‌ప్రెస్ రోడ్డు దిగాక అంతా పల్లె దారి. కుడివైపు నడపడం అరగంటలో అలవాటైందన్నారు మా వారు. ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. బోర్డు ఏదీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి మనం ఆగి దారి ఇవ్వాలి, అది చిన్న సందులోంచి వచ్చినా సరే. కూడలి కనిపించినప్పుడల్లా వెనక సీట్లోంచి మా అమ్మాయి "నాన్నా, కుడి!" అంటూనే ఉంది.

జీత్‌ల అద్దె వారం ఎక్కువగా శనివారం నుంచి శనివారం వరకు నడుస్తుంది. సాయంత్రం నాలుగింటికి ఇంటి యజమానురాలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మా అమ్మ వయసే ఉంటుంది. చేతిలో నాలుగు కాగితాల లిస్టు. కుర్చీలు, దుప్పట్లు, పళ్లేలు, చెంచాలతో సహా అన్నీ మాతో కలిసి లెక్కపెట్టి రెండు వైపులా సంతకాలు పెట్టించింది. గోడ మీద ఉన్న పాత గీతలు కూడా రాయించమని అమ్మాయి అడిగితే సంతోషంగా రాసింది. డిపాజిట్ కింద అమ్మాయి ఫ్రెంచ్ బ్యాంకు చెక్కు ఇచ్చింది. దాన్ని బ్యాంకులో వేయరు, దగ్గర పెట్టుకుని వెళ్లేటప్పుడు తిరిగి ఇస్తారు. కొలను చుట్టూ కంచె గడియ ఎలా వేయాలో రెండుసార్లు చూపించింది. ఇలాంటి కొలనులకు రక్షణ ఏర్పాటు ఉండాలని అక్కడ 2003 నుంచి చట్టమే ఉంది.

ఆదివారం పొద్దున ఓవెన్, ఇండక్షన్ పొయ్యి, బట్టల మెషీన్ మూడూ ఒకేసారి వేశాను. కరెంటు పోయింది. ఫోన్ చేస్తే ఆవిడ నడిచి వచ్చి మీటరు పెట్టెలో మీట పైకెత్తింది. అక్కడ ప్రతి ఇంటికీ ఎంత కరెంటు ఒకేసారి వాడుకోవచ్చో ఒప్పందం ఉంటుంది, అది దాటితే ఆగిపోతుంది. ఆ తర్వాత వంటయ్యాకే బట్టలు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఊళ్లో కొట్లు మూసేశారు, సోమవారం కూడా చాలావరకు తీయలేదు. శనివారం దారిలోనే బియ్యం, పాలు, కూరలు కొనమని అమ్మాయి పట్టుబట్టింది కాబట్టి సరిపోయింది.

వెన్న కూడా కొన్నాం. ఉప్పు లేనిది, 'బేర్ దూ' అని రాసి ఉంటుంది. అమ్మ దాన్ని సన్నని సెగ మీద కాచింది. గోధుమ రంగు గసి అడుక్కి దిగి వాసన రాగానే ఇల్లంతా మన ఇల్లయింది.

బుధవారం సర్లా సంతకు వెళ్లాం. అక్కడ బుధవారం పొద్దున, శనివారం సంత ఉంటుంది. వాడుకలో లేని పాత చర్చిని కూడా కప్పు ఉన్న బజారుగా మార్చారు. దాని ఎత్తైన ఉక్కు తలుపులు ఆర్కిటెక్ట్ జాన్ నువెల్ గీసినవి. ఆయన చిన్నప్పుడు పెరిగింది సర్లాలోనే. స్ట్రాబెర్రీలు, వాల్‌నట్ నూనె, మేక పాల చీజ్, ఎటు చూసినా బాతు మాంసం డబ్బాలు. ఏ బండి దగ్గర ఆగినా మొదట "బోంజూర్" అనాలి, ఆ తర్వాతే ధర అడగాలి. మొదటి రోజు రొట్టెల కొట్లో నేను నేరుగా "రెండు" అన్నాను. ఆవిడ నా కళ్లలోకి చూసి నెమ్మదిగా "బోంజూర్, మదామ్" అంది. నేనూ బోంజూర్ చెప్పాకే రొట్టె తీసింది. అది నాకు నచ్చింది.

సంతలో అమ్మ ఒక ఆకుకూర బండి దగ్గర ఆగిపోయింది. ఒక ఆకు నోట్లో వేసుకుని, "ఇది చుక్కకూర కదే!" అంది. పేరు 'ఒజేయ్'. అమ్మాయి ఫోన్‌లో చూస్తే నిజంగానే మన చుక్కకూర జాతి మొక్క. ఆకు కాస్త పొడవు, పులుపు అదే. మూడు కట్టలు కొని ఆ రాత్రి పప్పులో వేసింది. తొమ్మిదిన్నర దాటినా వెలుతురు పోలేదు. వాల్‌నట్ చెట్టు కింద చెక్క బల్ల మీద వేడన్నం, చుక్కకూర పప్పు, ఆ నెయ్యి. ఆ భోజనం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

బయట శాకాహారం అడిగేవాళ్లకు ఒక మాట. ఆ ప్రాంతంలో పేరున్న బంగాళాదుంపల వేపుడు బాతు కొవ్వులో చేస్తారు. 'మాంసం లేకుండా' అంటే సరిపోదు, దేనిలో వేయించారో అడగాలి. అమ్మాయి అడిగింది కాబట్టి అమ్మ ఆమ్లెట్ వద్దని, సలాడ్, రొట్టె, చీజ్ తిని తృప్తిగా లేచింది.

చూడటానికి రోజుకు ఒక్క చోటే పెట్టుకున్నాం. లా రోక్ గజాక్ అనే ఊళ్లో అడుగు బల్లపరుపుగా ఉండే పడవ ఎక్కాం. ఒకప్పుడు అలాంటి పడవల్లోనే కలప, వైన్ పీపాలు దిగువకు వెళ్లేవి. నదికి ఇటూ అటూ ఎదురెదురుగా బేనాక్, కాస్టెల్‌నో కోటలు. నూరేళ్ల యుద్ధంలో ఒకటి ఫ్రెంచి వాళ్లది, ఇంకొకటి చాలాకాలం ఇంగ్లీషు వాళ్లది. అమ్మ కొండెక్కలేదు. నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని రెండింటినీ చూసింది.

గురువారం మోంతిన్యాక్‌లో లాస్కో గుహ, గోడల మీద ఆదిమానవులు వేసిన బొమ్మలున్నది. 1940 సెప్టెంబరులో కుర్రాళ్లు కనిపెట్టిన గుహ అది. జనం ఊపిరికే బొమ్మలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. ఇప్పుడు చూపించేది 2016లో తెరిచిన పూర్తి నకలు. టికెట్ టైము ముందే తీసుకోవాలి, లోపల చల్లగా ఉంటుంది, శాలువా ఉండాలి. ఐదు మీటర్లకు పైగా పొడవున్న ఎద్దు ముందు అమ్మ చాలాసేపు నిలబడింది. ఎర్ర రంగు దేంతో వేశారని అడిగింది. ఇనుము ఉన్న మన్ను అని గైడ్ చెప్పింది. "జేగురు" అంది అమ్మ. మా తాతగారి ఇంటి అరుగులకు ఆవిడ చిన్నప్పుడు పూసిన మన్ను. పదిహేడు వేల ఏళ్ల కిందటి బొమ్మ అంటారు. ఆ చీకట్లో నేను అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నాను, ఆవిడ వేళ్లు గాలిలో ఆ ఎద్దు వీపు గీత వెంట కదిలాయి.

శనివారం పది గంటలకు ఇల్లు అప్పగించాలి. చెత్త వేరు చేసి డబ్బాల్లో వేశాం, దుప్పట్లు మడిచి పెట్టాం. మనిషికి రాత్రికి ఇంత అని ఊరికి కట్టే పన్ను నగదుగా ఇచ్చాం. ఆవిడ మళ్లీ అదే లిస్టు తీసి వంటింటి సొరుగు లెక్కపెట్టింది. ఒకటి ఎక్కువ వచ్చింది. అమ్మ పోపు గరిటె. కడిగి అక్కడే మరిచిపోయాం. ఆవిడ దాన్ని తీసి అమ్మకు ఇవ్వబోతే అమ్మ తల అడ్డంగా ఊపింది. "ఉంచుకోమని చెప్పు తల్లీ" అంది మనవరాలితో. అమ్మాయి చెప్పింది. ఆవిడ మా చెక్కు మాకు ఇచ్చేసి, కలం తీసి, లిస్టులో చెంచాల కింద ఇంకో వరుస రాసుకుంది.