ఎంఆర్‌పీ షాపు ముందు రాత్రి గోల: మా ఫిర్యాదు ఎలా కదిలింది

మేముండేది బెంగళూరు తూర్పు వైపు ఒక లేఅవుట్‌లో. వీధిలో సగం మంది అనంతపురం, చిత్తూరు, కడప నుంచి వచ్చిన తెలుగువాళ్లే. మూలమీద ఎంఆర్‌పీ మద్యం షాపు పెట్టినప్పటి నుంచి చీకటి పడితే చాలు, బైకుల మీదే సీసాలు పెట్టుకుని తాగడం, ఖాళీవి మా గేట్ల దగ్గర పగలగొట్టడం, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లల మీద కామెంట్లు. ఇదేంటని అడిగిన పక్కింటి పెద్దాయన మీదికి తిరగబడ్డారు.

112కి ఫోన్ చేసేవాళ్లం. ల్యాండ్‌మార్క్ అడిగేవారు, హొయ్సళ బండి (పోలీసు గస్తీ వాహనం) వచ్చేది. ఆలస్యం చేసేవారని అనలేను. బండి కనబడగానే అందరూ మాయం, అది మలుపు తిరగగానే మళ్లీ హాజరు. ఒక రాత్రి ఆ బండిలో వచ్చిన హెడ్ కానిస్టేబులే చెప్పారు: "మేం తరిమేవాళ్లమే సార్, స్టేషన్‌లో రాసివ్వండి."

స్టేషన్‌లో ముందు "మీలో మీరు మాట్లాడుకోండి" అన్నారు. తాగి రోడ్డు మీద గొడవ చేయడం బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 355 కిందికి వస్తుంది; 24 గంటల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. చిన్న కేసే. కానీ వారెంట్ లేకుండా అరెస్టు చేయలేని నేరమైనా వివరం స్టేషన్ పుస్తకంలో ఎక్కించాలని బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 174 చెబుతుంది. మా పై అంతస్తులో ఉండే లాయరమ్మ ఆ మాట మర్యాదగానే గుర్తు చేశారు. ఎన్‌సీఆర్ (అలాంటి చిన్న నేరాలకు రాసే నమోదు) నంబరు, సీలు వేసిన కాపీ చేతికొచ్చాయి.

అయితే అసలు పని చేసింది రెండో దరఖాస్తు. తాగేవాళ్లు రోజుకొకరు మారతారు, షాపు మారదు కదా! కర్ణాటకలో సీఎల్-2 లైసెన్స్ అంటే సీలు ఉన్న సీసాలు అమ్ముకోవడానికే, అక్కడ తాగనివ్వకూడదు. అందుకని ఎవరి పేర్లూ రాయకుండా షాపు లైసెన్స్ నంబరు రాశాం. తేదీ, టైము కనిపించే కెమెరా ఫొటోలు జతచేసి ఎక్సైజ్ వాళ్లకిచ్చి, కాపీ స్టేషన్‌కి పంపాం. కన్నడలో రాసిపెట్టింది కింది ఇంటి ఆంటీ. సంతకాల దగ్గరే కష్టమైంది. సొంతిళ్లవాళ్లు "మనకెందుకండీ" అని జారుకున్నారు, అద్దెకున్నవాళ్లు టకటకా పెట్టేశారు. నాకైతే ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్లాక, షాపు పక్కన గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, చిప్స్ అమ్మే బడ్డీ ఎత్తేశారు. గ్లాసు దొరక్కపోతే సగం మంది నిలబడరని అప్పుడే తెలిసింది. నిలబడ్డవాళ్లను షాపువాడే పంపించేస్తున్నాడు.

తాగేవాళ్లలో కొందరు వెనక క్రాస్ రోడ్డుకి మారారు. అక్కడివాళ్లు మా దరఖాస్తు అడిగితే వాట్సాప్‌లో పంపాను. లైసెన్స్ నంబరు అదే ఉంచి, తేదీలు, ఫొటోలు మాత్రం మీవి పెట్టుకోండి అన్నాను.