బొంకవచ్చు అన్న పద్యం

వారిజాక్షులందు వైవాహికములందు
ప్రాణవిత్తమానభంగమందు
చకితగోకులాగ్రజన్మరక్షణమందు
బొంకవచ్చు నఘము పొందదధిప!

నాలుగేళ్ళ కిందట ఒక సంబంధం గురించి ఎంక్వయిరీ ఫోన్ వచ్చింది. "అబ్బాయి మీ వీధిలోనే కదండీ, అలవాట్లేమైనా ఉన్నాయా సార్?" అని అమ్మాయి తండ్రి. తాగుతాడని నాకు తెలుసు. "బుద్ధిమంతుడండీ" అనేశాను. మా ఆవిడ అదోలా చూస్తే ఈ పద్యమే చదివాను, రాగం తీసి మరీ. ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళిళ్ళలో, ప్రాణం, ధనం, మానం పోయేటప్పుడు, ఆవుల్నీ బ్రాహ్మణుల్నీ కాపాడేటప్పుడు బొంకినా పాపం అంటదని దాని అర్థం.

తర్వాతెప్పుడో పోతన భాగవతంలో వామన చరిత్ర మొత్తం చదివాను. ఈ పద్యం అందులోదే, వామనుడికి మూడడుగుల నేల ఇస్తానని మాటిచ్చిన బలి చక్రవర్తికి ఆయన గురువు శుక్రుడు చెప్పింది. వచ్చినవాడు విష్ణువని, మూడడుగుల్లో సర్వం పోతుందని శుక్రుడు ముందే గుర్తుపట్టాడు. ఆయన లెక్క ఎక్కడా తప్పలేదు. శిష్యుడి రాజ్యం పోతే గురువు వైభవం ఏమవుతుందన్నది కూడా ఆ లెక్కలో ఉండే ఉంటుంది. ఇది నా అనుమానం, పోతన అనలేదు.

బలి ఆ పద్యాన్ని ఖండించడు. "నిజమానతిచ్చితి నీవు మహాత్మక! మహిని గృహస్థధర్మంబు నిదియ" అంటాడు. ఇస్తానని పలికి, ఇప్పుడు ధనం మీద ఆశతో పొమ్మనడం ఎలా అని మాత్రం అడుగుతాడు. విత్తభంగమైతే బొంకవచ్చని పద్యంలో ఉంది. కానీ తనతో బొంకించేది ఆపదా, ఆశా అన్నది పద్యం చెప్పలేదు. అది బలికే తెలియాలి. అలాగని అప్పటికప్పుడు మనసుకు తోచింది పట్టుకున్నాడనీ అనలేను. ఆయన ప్రహ్లాదుడి మనవడు. ప్రహ్లాదుడికి చదువు చెప్పిన చండామార్కులు ఈ శుక్రుడి కొడుకులే. గురువు మాటను గౌరవంగా విని, కాదనడం ఆ ఇంట్లో రెండు తరాల అలవాటు. శుక్రుడు పదవి పోతుందని శపించాడు, బలి మాట తిప్పలేదు.

నన్ను పట్టుకున్నది మూడో పాదంలోని "చకిత" అన్న మాట. అంటే బెదిరిన. బెదిరిన ఆవు ఎటు పోయిందని కటికవాడు అడిగితే ఏం చెప్పాలో ఆలోచించక్కర్లేదు. ఆ రోజు ఫోన్‌లో బెదిరిన గొంతు అమ్మాయి తండ్రిది. నేను కాపాడింది పక్కింటివాళ్ళతో నా మొహమాటాన్ని. పద్యంలో "వైవాహికములందు" అని కనిపించగానే అక్కడే ఆగిపోయాను.

ఆ పెళ్ళికి వెళ్ళాం. కన్యాదానంలో చెంబుతో నీళ్ళు ధార పోస్తుంటే ఆ తండ్రి చెయ్యి వణికింది. పురోహితుడు "నెమ్మదిగా పొయ్యండి" అన్నారు. మూడో వరసలో కూర్చుని అక్షింతలు పట్టుకున్నాను.