దిదుమ అనబడిన తోమా: పరంగిమలై యాత్ర

నెల్లూరు నుంచి వచ్చి చెన్నై సెంట్రల్‌లో దిగితే, ఎదురుగా ఉన్న పార్క్ స్టేషన్‌లో లోకల్ ఎక్కి సెయింట్ థామస్ మౌంట్‌కి వెళ్లిపోవచ్చు. యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన తోమా పేరున్న ఆ కొండను అక్కడివాళ్లు పరంగిమలై అంటారు. పైకి 130కి పైగా మెట్లు. సగం ఎక్కాక మా అత్తయ్య ఆయాసం తీర్చుకుంటూ అడిగారు: "బైబిల్లో దిదుమ అనబడిన తోమా అని చదువుతాం గదా, దిదుమ ఆయన ఇంటిపేరామ్మా?"

కాదు, రెండూ ఒకటే. తోమా అరామిక్ మాట, యేసూ శిష్యులూ మాట్లాడుకున్న భాషలోది. కవల అని అర్థం. గ్రీకులో చివర 'స్' చేరి థోమాస్ అయింది గానీ, గ్రీకు మాత్రమే తెలిసినవాళ్లకు ఆ శబ్దంలో అర్థం అందదు. అందుకే సువార్త రాసిన యోహాను ఆ పేరు పక్కనే, గ్రీకులో కవల అని అర్థమిచ్చే దిదుమొస్ అని రాశాడు. మన దిదుమ అదే. ఇస్సాకు భార్య రిబ్కా కడుపులో కవలలున్నారని చెప్పే చోట, బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండం పాత గ్రీకు అనువాదంలోనూ ఇదే మాట. గ్రీకువాళ్లు దీన్ని పేరుగానూ పెట్టుకునేవారు. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో చూపులేని ఒక గొప్ప బైబిల్ పండితుడి పేరు దిదుమొస్.

"మరి ఎవరితో పుట్టిన కవల?" అన్నారు అత్తయ్య. యోహాను అది రాయలేదు. సిరియా క్రైస్తవుల పాత రచనల్లో మాత్రం ఆయన యూదా తోమా. అసలు పేరు యూదా, తోమా పిలుపు పేరు అయ్యుంటుందని నాకనిపిస్తుంది.

పైన చిన్న గుడి. పోర్చుగీసువాళ్లు 1547లో తవ్వకాల్లో కనుగొన్న రాతి సిలువ బలిపీఠం దగ్గరే ఉంది. సిలువ చుట్టూ కమాను మీద పహ్లవీ అక్షరాలు, పాత పర్షియా లిపి. దగ్గరికెళ్లి చాలాసేపు చూశాను. తోమా ఇక్కడే విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయ్యాడని తరతరాల నమ్మకం.

అక్కడ కూర్చుని అత్తయ్య కోసం యోహాను 11వ అధ్యాయం చదివాను. యేసుతో యూదయకు వెళ్తే రాళ్లతో కొడతారని శిష్యులు జంకుతుంటే, మనమూ వెళ్లి ఆయనతో చనిపోదాం అన్నది ఈ తోమాయే. దిదుమ అనే మాట మొదట వచ్చేది కూడా అక్కడే. యేసు తిరిగి లేచాడంటే చూడందే నమ్మనన్నాడని, ఇన్నేళ్లుగా 'అనుమానపు తోమా' అని ప్రసంగాల్లో వింటూ వచ్చాం. ఆ పేరు బైబిల్లో ఎక్కడా లేదు, నాకు అది బాధ. అత్తయ్య ఆ వచనం మళ్లీ చదవమన్నారు.

మోకాళ్ల నొప్పులుంటే మెట్లు అక్కర్లేదు, పైదాకా బండి వెళ్లే రోడ్డుంది. మేం దిగేటప్పుడు ఆటోలో దాని మీదే దిగి, తోమా సమాధి ఉన్న శాంథోమ్ చర్చికి వెళ్లాం.