డాంగిల్ నుంచి ఇంటి వైఫై దాకా: నా అనుభవం

మా ఇల్లు అమలాపురానికి దగ్గర్లో ఒక పల్లెలో ఉంది. చుట్టూ కొబ్బరి తోట. కేబుల్ ఇంటర్నెట్ మా వీధి దాకా రాలేదు, ఉన్నదల్లా సిమ్‌లో వచ్చే 4జీ. నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాను. తమ్ముడు డిగ్రీ చదువుతూ పాఠాలు వీడియోల్లో చూస్తాడు. అమ్మకీ నాన్నకీ చెరో ఫోను. మొదట్లో ఇల్లంతా నా ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడిచేది. ఫోన్ వేడెక్కిపోయేది, ఛార్జింగ్ నిలిచేది కాదు. నేను ఏ పెళ్ళికో వెళ్తే ఆ రోజు ఇంట్లో ఎవరికీ నెట్ ఉండేది కాదు. అందుకే ఒక సిమ్‌ని ఇంటికే కేటాయించి, యూఎస్‌బీ డాంగిల్‌లో (పెన్‌డ్రైవ్‌లా ఉండి, సిమ్ పట్టి నెట్ ఇచ్చే పరికరం) వేసి, దాన్ని రౌటర్‌కి తగిలించి అందరికీ వైఫై ఇద్దామనుకున్నాను.

ఇందులో మూడు అంచెలు ఉన్నాయి. టవర్ నుంచి డాంగిల్‌కి ఒకటి, డాంగిల్ నుంచి రౌటర్‌కి రెండోది, రౌటర్ నుంచి ఫోన్లకి మూడోది. నెట్ నెమ్మదిగా ఉందంటే వీటిలో ఏ అంచెలో ఆగుతోందో విడిగా చూస్తేనే తెలుస్తుంది. ప్లాన్ మార్చడం, కంపెనీ మార్చడం ఆ తర్వాతి మాట.

కొనేముందు బ్యాండ్లు, అంటే టవర్ సిగ్నల్ పంపే ఫ్రీక్వెన్సీ వరుసలు, చూసుకున్నాను. మన దేశంలో 4జీకి ఎక్కువగా వాడేవి 1, 3, 5, 8, 40 బ్యాండ్లు. 5 అంటే 850 మెగాహెర్ట్జ్, అది దూరం వెళ్తుంది, గోడలు కూడా బాగా దాటుతుంది. 3 అంటే 1800. 40 అంటే 2300, దూరం తక్కువైనా వేగం బాగుంటుంది. యూరప్ కోసం తయారైన డాంగిళ్ళలో 20వ బ్యాండ్ ఉంటుంది కానీ, మనకు కావలసిన 5, 40 లేకపోవచ్చు. షాపులో కుర్రాడు "అన్ని సిమ్‌లకీ పని చేస్తుందక్కా" అన్నాడు. ఆ మాటకు అర్థం డాంగిల్ ఏ కంపెనీకీ లాక్ అయి లేదని. మన టవర్ ఏ బ్యాండ్‌లో ఇస్తోందో అది ఈ డాంగిల్‌కి అందుతుందా అన్నది వేరే ప్రశ్న. మా టవర్ 40 ఇస్తోందని ఫోన్‌లో ఒక సిగ్నల్ యాప్ పెట్టి ముందే తెలుసుకున్నాను. కాబట్టి డబ్బా మీద 40 ఉన్న హువావే ఈ3372 రకం డాంగిల్ తీసుకున్నాను.

ఇంటికి రాగానే రౌటర్ జోలికి పోకుండా ముందు లాప్‌టాప్‌కే పెట్టాను. ఇలాంటి డాంగిల్ లోపలే ఒక చిన్న రౌటర్ ఉన్నట్టు లెక్క. బ్రౌజర్‌లో 192.168.8.1 అని కొడితే దాని పేజీ తెరుచుకుంటుంది. సిమ్ దొరికిందా, ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌లోకి వెళ్ళడానికి ఇచ్చే పేరు) సరిగ్గా పడిందా, సిగ్నల్ ఎంత, అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఏపీఎన్ ఒక్కోసారి దానంతటదే పడదు, చేత్తో కొట్టాలి. అది ఒక్క నిమిషం పని.

నేను ఎక్కువ సమయం పెట్టింది సిగ్నల్ మీద. ఆ పేజీలో రెండు అంకెలు చూడాలి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటే టవర్ నుంచి అందుతున్న బలం, మైనస్‌లో ఉంటుంది. మైనస్ 80 ఉంటే చాలా మంచిది, మైనస్ 110 దాటితే కష్టం. రెండోది సైనర్, అంటే గోలలో మన సిగ్నల్ ఎంత స్పష్టంగా వినిపిస్తోందో చెప్పే అంకె. 20 దగ్గరుంటే బ్రహ్మాండం, సున్నా దగ్గరకు వస్తే బలం ఉన్నా వేగం రాదు. లాప్‌టాప్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. హాల్లో టీవీ పక్కన మైనస్ 112, సైనర్ 2. వంటింట్లో అంతకంటే అన్యాయం. మేడ మీద గదిలో తూర్పు కిటికీ దగ్గర మైనస్ 94, సైనర్ 13. చూడ్డానికి 112కీ 94కీ పెద్ద తేడా అనిపించదు. కానీ ఇవి డెసిబెల్స్. మైనస్ పక్కన అంకె మూడు తగ్గితే బలం రెట్టింపు అయినట్టు. పద్దెనిమిది తేడా అంటే దాదాపు అరవై రెట్లు! అదే సిమ్, అదే డాంగిల్, అదే ఇల్లు. డాంగిల్ ఎక్కడ పెట్టాలన్నది ఆ కిటికీ దగ్గరే తేలిపోయింది.

నాన్న పైకొచ్చి చూసి, "టీవీ కింద దాకా వైరు లాగితే పోతుంది కదమ్మా, ఇంత దూరం ఎందుకు?" అన్నారు. యూఎస్‌బీ వైరు లాగడానికి హద్దుంది నాన్నా అని చెప్పాను. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్ అయిదు మీటర్లు దాటకూడదు. ఆ లోపల కూడా సన్నటి వైరైతే చివరికి వెళ్ళేసరికి వోల్టేజీ పడిపోతుంది. డాంగిల్ సిగ్నల్ ఉన్నచోటే ఉండాలి, కిందికి తేవడం వైఫై పని.

కొన్నాళ్ళు పాత లాప్‌టాప్‌నే రౌటర్‌గా వాడాను. విండోస్‌లో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే డాంగిల్ నెట్ వైఫైగా బయటికి వస్తుంది. ఖర్చు లేదు, తలనొప్పి లేదు. కానీ ఎనిమిది పరికరాలకే అవకాశం, పైగా లాప్‌టాప్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. అది నిద్రలోకి జారితే ఇంట్లో అందరి నెట్టూ పోతుంది. ఇద్దరో ముగ్గురో ఉండే ఇంట్లో, పగటిపూట అవసరానికైతే ఇది చాలు.

రౌటర్ విషయంలో ఒకటి గట్టిగా చెప్తాను. వెనకాల యూఎస్‌బీ పోర్టు ఉన్నంత మాత్రాన డాంగిల్ పని చేస్తుందని అనుకోవద్దు. చాలా రౌటర్లలో ఆ పోర్టు పెన్‌డ్రైవ్ కోసమో ప్రింటర్ కోసమో పెట్టింది. డబ్బా మీద 3జీ, 4జీ మోడెమ్ (మన డాంగిల్ లాంటిది) సపోర్ట్ అని రాసి ఉండాలి, లేదా దానిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించడానికి వీలుండాలి. ఇది రౌటర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే, లైనక్స్ మీద నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్. వాళ్ళ పట్టికలో మన మోడల్, దాని వెర్షన్ నంబరుతో సహా ఉందో లేదో చూసుకోవాలి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాత రౌటర్లకు కొత్త వెర్షన్లు రావడం లేదు. కనీసం 8, 64 ఉండాలి. ఇలాంటి పనికి 16, 128 ఉంటే ఇబ్బంది ఉండదు. నా దగ్గరున్నది 16, 128. అది ఎక్కించడం సాఫీగానే జరిగింది.

తర్వాత వచ్చింది చిక్కు. డాంగిల్‌ని గుర్తుపట్టే ప్యాకేజీలు, అంటే అదనంగా వేసుకునే చిన్న సాఫ్ట్‌వేర్లు, రౌటర్‌లో ముందుగా ఉండవు. అవి దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే అవి కావాలి. దీనికి తేలిక దారి రౌటర్ వైఫైలోనే ఉంది. వైర్‌లెస్ పేజీలో స్కాన్ నొక్కి, మన ఫోన్ హాట్‌స్పాట్ ఎంచుకుని జాయిన్ అయితే రౌటర్‌కి ఫోన్ నుంచి నెట్ వస్తుంది. అలా యూఎస్‌బీ మోడ్‌స్విచ్, సీడీసీ ఈథర్ అనే రెండు ప్యాకేజీలు వేశాను. నా డాంగిల్ రకానికి అవి చాలు. క్యూఎమ్‌ఐ అనే ఇంకో పద్ధతిలో పనిచేసే మోడెమ్‌లకు యూక్యూఎమ్‌ఐ అనే వేరే ప్యాకేజీ ఉంది.

మోడ్‌స్విచ్ ఎందుకంటే, చాలా డాంగిళ్ళు పెట్టగానే మోడెమ్‌లా కాకుండా సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. విండోస్‌లో డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకోవడానికి చేసిన ఏర్పాటు అది. లైనక్స్ కూడా ముందు సీడీ అనుకునే వదిలేస్తుంది. మోడ్‌స్విచ్ దానికి ఒక చిన్న సందేశం పంపితే, ఆ సీడీ మాయమై నెట్‌వర్క్ కార్డుగా మళ్ళీ పుడుతుంది. రౌటర్ సిస్టమ్ లాగ్ (లోపల జరిగేదంతా వరుసగా రాసుకునే పేజీ) తెరిచి పెట్టుకుని డాంగిల్ గుచ్చాను. మొదట సీడీ రోమ్ అని ఒక వరుస, కొన్ని క్షణాలకు డిస్‌కనెక్ట్ అని ఒకటి, ఆ వెంటనే కొత్త నంబరుతో ఈథర్నెట్ పరికరం. ఆ మూడో వరుస కనిపించగానే ఎంత సంతోషం వేసిందో! ఇక ఇంటర్‌ఫేసెస్‌లో కొత్తది ఒకటి చేర్చి, డీహెచ్‌సీపీ క్లయింట్ (డాంగిల్ ఇచ్చే చిరునామాను తీసుకునే పద్ధతి) అని పెట్టి, ఫైర్‌వాల్‌లో వ్యాన్ జోన్‌కి, అంటే బయటి నెట్ వైపుకి, కలిపాను. ఈ చివరిది మరిచిపోతే రౌటర్‌లో నెట్ ఉంటుంది, ఫోన్లలో ఉండదు. రౌటర్ చిరునామా 192.168.1.1, డాంగిల్‌ది 192.168.8.1 కాబట్టి గొడవ రాలేదు. రెండూ ఒకే వరుసలో ఉంటే రౌటర్ చిరునామా మార్చాలి.

నెట్ వచ్చింది. కానీ ఎవరైనా పెద్ద ఫైలు పంపినా, వీడియో కాల్ చేసినా డాంగిల్ ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది. ఆఫీసు మీటింగ్ మధ్యలో ఇలా జరుగుతుంటే టెన్షన్ అంతా ఇంతా కాదు. లాగ్‌లో ప్రతిసారీ ఒకటే మాట, యూఎస్‌బీ డిస్‌కనెక్ట్. టవర్ వల్ల నెట్ పోతే యూఎస్‌బీ ఎందుకు ఊడుతుంది? ఊడదు. డాంగిల్‌కి కరెంటు చాలడం లేదన్నమాట. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపులు. టవర్ దూరంగా ఉంటే డాంగిల్ గట్టిగా పంపాలి, అప్పుడు ఎక్కువ లాగుతుంది. డౌన్‌లోడ్‌లో కంటే అప్‌లోడ్‌లో ఊడటానికి కారణం అదే. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ తెచ్చి మధ్యలో పెట్టాను. అడాప్టర్ లేని హబ్ ఈ పనికి దండగ, అది కూడా రౌటర్ కరెంటునే పంచుతుంది. ఆ రోజు నుంచి లాగ్‌లో ఆ మాట కనిపించలేదు.

ఇంకొకటి మాత్రం నన్ను చాలా ఆలోచింపజేసింది. లాప్‌టాప్‌లో అదే కిటికీ దగ్గర 13 ఉన్న సైనర్ రౌటర్‌కి పెట్టాక 5, 6కి పడిపోయింది. వైఫై ఆపేసి కేబుల్‌తో చూస్తే మళ్ళీ 13! కారణం 40వ బ్యాండ్‌లోనే ఉంది. అది 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. మన వైఫై 2.4 గిగాహెర్ట్జ్ సరిగ్గా 2400 దగ్గర మొదలవుతుంది. 1వ ఛానెల్ మధ్య బిందువు 2412. అంటే డాంగిల్ వినాల్సిన టవర్ మాట పక్కనే, జానెడు దూరంలో, రౌటర్ యాంటెన్నా గట్టిగా అరుస్తోంది. మా రౌటర్ ఆటోలో ఉండి 1వ ఛానెల్ ఎంచుకుంది. దాన్ని 11కి, అంటే 2462కి మార్చాను. డాంగిల్‌ని హబ్ నుంచి మీటరున్నర ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కిటికీ ఊచల దాకా జరిపాను. సైనర్ 12కి వచ్చింది. మన దేశంలో 40వ బ్యాండ్ మీద డాంగిల్ వాడేవాళ్ళందరూ ఈ రెండు పనులూ చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. పెద్ద ఖర్చు లేకుండా ఇంత లాభం ఇచ్చేది ఇందులో ఇంకొకటి లేదు.

రౌటర్‌ని మెట్ల దగ్గరికి జరపడంతో కింద హాల్లోకి వైఫై బాగానే వస్తోంది. వంటింట్లో కొంచెం తగ్గుతుంది, అమ్మ వాడకానికి సరిపోతుంది. గట్టి వాన పడి కొబ్బరి మట్టలు తడిసినప్పుడు ఆర్‌ఎస్‌ఆర్‌పీ నాలుగైదు పడుతుంది. దానికి చేయగలిగింది లేదు. కరెంటు పోయినప్పటి కోసం రౌటర్‌కి చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టాను. హబ్‌కి కూడా బ్యాకప్ కావాలని గుర్తుంచుకోవాలి.

ఇక డేటా. మన ప్లాన్లలో చాలావాటిలో రోజుకు ఇన్ని జీబీలని ఉంటుంది, అది దాటితే వేగం 64 కేబీపీఎస్ లాంటి నత్తనడకకు పడిపోతుంది. ఫోన్‌కి సిమ్ డేటా అని తెలిస్తే పొదుపుగా ఉంటుంది, వైఫై అని చూస్తే చేతికి ఎముక లేనట్టు ఖర్చుపెడుతుంది. యాప్ అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్, వాట్సాప్ వీడియోలు అన్నీ అప్పుడే దిగుతాయి. మధ్యాహ్నానికే కోటా అయిపోయేది. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఆ వైఫై పేరు మీద నొక్కి మీటర్డ్‌గా, అంటే లెక్క చూసి వాడాల్సిన నెట్‌గా, పెట్టాను. విండోస్‌లోనూ మీటర్డ్ కనెక్షన్ అని ఉంది. ఎవరెంత వాడారో చూడ్డానికి రౌటర్‌లో ఎన్‌ఎల్‌బీడబ్ల్యూమాన్ అనే ప్యాకేజీ వేశాను. సిమ్‌కి వచ్చే మెసేజ్‌లు డాంగిల్ పేజీలోనే పడతాయి కాబట్టి, ఎంత డేటా మిగిలిందో, రీఛార్జ్ గడువు ఎప్పుడో నాన్న ఇప్పుడు తన ఫోన్‌లోనే చూసుకుంటారు.

ఒక హద్దు ఉంది. మొబైల్ కంపెనీలు చాలామందికి కలిపి ఒకే పబ్లిక్ చిరునామా ఇస్తాయి. అందువల్ల బయటి నుంచి నేరుగా మన ఇంటి రౌటర్‌లోకి రావడం కుదరదు. సీసీ కెమెరా పెట్టుకునేవాళ్ళు కంపెనీ సర్వర్ ద్వారా నడిచే యాప్ ఉన్నదే తీసుకోవాలి. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఇంట్లోని పరికరానికి రౌటర్‌లో దారి తెరవడం) మీద ఆశ పెట్టుకోకూడదు.

మాది చూసి పక్కింటి పిన్ని, "మాకూ పెట్టి పెట్టమ్మా, పాత ఫోనొకటి ఊరికే పడుంది" అంది. వాళ్ళకు డాంగిల్ కొనిపించలేదు. ఆ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే సిమ్ వేసి, యూఎస్‌బీ టెథరింగ్ (వైరు మీద ఫోన్ నెట్ పంచడం) ఆన్ చేసి రౌటర్‌కి తగిలించాను. ఆ ఫోన్‌ని రౌటర్ నెట్‌వర్క్ కార్డుగా గుర్తుపట్టడానికి ఆర్‌ఎన్‌డీఐఎస్ ప్యాకేజీ కావాలి. ఫోన్ రీస్టార్ట్ అయితే టెథరింగ్ ఆగిపోతుంది కాబట్టి, డెవలపర్ ఆప్షన్స్‌లో డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్‌ని టెథరింగ్‌కి మార్చాను. ఫోన్‌కి సొంత బ్యాటరీ ఉంది కాబట్టి పవర్ హబ్ అవసరం పడలేదు. అయితే ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉండే బ్యాటరీ ఉబ్బవచ్చు. వారానికోసారి వెనక మూత లేచిందేమో చూడమనీ, కాస్త ఉబ్బినా వెంటనే తీసేయమనీ పిన్నికి రెండుసార్లు చెప్పాను.