బజ్జీ నూనె కాగేలోపు

పొద్దున ఆరూ ఇరవై. కోడుమూరులో రోడ్డు పక్క ఒక చిన్న హోటల్ ముందు బెంచీ మీద కూర్చుని బాణలి వైపు చూస్తున్నాను. నేను వేసుకున్న లెక్క ప్రకారం ఈపాటికి గాజులదిన్నె ప్రాజెక్టు కట్ట మీద ఉండాలి, గాలం నీళ్లలో ఉండాలి. మా బామ్మర్ది ఉగ్గాని బజ్జి తినకుండా కోడుమూరు దాటడు. తిరుమల కొండెక్కేవాడికి గోవిందనామం ఎట్లాగో వీడికి ఇది అట్లాగ.

నాలుగున్నరకి బయల్దేరదామని రాత్రి మూడుసార్లు చెప్పాను. ఐదుంపావుకి వచ్చాడు. ఫిబ్రవరి చలి, బండి మీద చెవులు కోసుకుపోతున్నాయి, వెనక గాలపు కర్రలు జెండాల్లా నిటారుగా పట్టుకుని వాడు. కర్నూలు దాటేదాకా నేను మాట్లాడలేదు. కోపం ఉంటే మాట్లాడకపోవడం నా పద్ధతి. వాడికి అది హాయిగా ఉంటుంది కాబట్టి పద్ధతి పనిచేయదు.

నవ్వకండి గానీ, చేపల వేటకి నా దగ్గర ఒక పుస్తకం ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు ఆఫీసులో రిజిస్టర్లు రాసిన చెయ్యి, ఊరుకోదు. పోయిన డిసెంబరులో సుంకేసులకి వెళ్లినప్పుడు ఊరికే ఒక లెక్క రాశాను: గాలం నీళ్లలో ఎంతసేపు ఉంది అని. నీటి పక్కన మేం ఉన్నది ఏడు గంటలు. గాలం నీళ్లలో ఉన్నది గంటా యాభై నిమిషాలు. మిగతాదంతా ఏమైందో కూడా రాశాను. గాలాలు కట్టుకోవడానికి నలభై నిమిషాలు. చిక్కుపడిన దారం విప్పడానికి గంటా పది. పటకారు వెతకడానికి ఇరవై ఐదు, అది నా ప్యాంటు జేబులోనే దొరికింది. ఎర ముద్ద నీళ్లలో పడగానే కరిగిపోతుంటే మళ్లీ కలపడం, టీ, నీడ కోసం జరగడం, బామ్మర్ది ఫోను. చేపలు పడలేదని ఊరికి వచ్చి చెప్పుకున్నాం గానీ, గాలం వేస్తే కదా పడేది.

అందుకే ఈసారి శనివారం సాయంత్రమే మొదలుపెట్టాను.

అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒక ప్లాస్టిక్ పెట్టె కొన్నాను, 650 రూపాయలు, ముప్పై ఆరు గదులు. బొమ్మలో ఎంత బాగుందో చెప్పలేను. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఆ గదుల అడ్డుగోడలు లేచి, గాలాలన్నీ ఒకదానికొకటి తగులుకుని ముళ్లపందిలా ముద్దకట్టాయి. ఆ పెట్టెలో ఇప్పుడు మా మనవరాలు పూసలు పెట్టుకుంటోంది. సంక్రాంతికి మా ఆవిడ కొత్త పోపులపెట్టె కొనుక్కుంది. పాత స్టీలుది, ఏడు గిన్నెలది, అటక మీదికి పోబోతుంటే నేను అడిగి తీసుకున్నాను. అరిగిపోయిన హవాయి చెప్పులోంచి ఆ గిన్నెల కొలతకి గుండ్రంగా ముక్కలు కోసి అడుగున బిగించాను. గాలాల మొనలు ఆ రబ్బరులో గుచ్చితే పెట్టె తలకిందులైనా కదలవు. ఒక గిన్నెలో ఆరో నంబరు, ఒకదాంట్లో ఎనిమిది, ఒకదాంట్లో పది. కొత్తవాళ్లకి ఇక్కడే తికమక, నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. మిగతా గిన్నెల్లో సీసం గుళ్లు, నీటి మీద తేలే బెండ్లు, స్వివెల్ అనే తిరిగే కొక్కేలు. ఏడో గిన్నె ఖాళీ. ఏదో ఒకటి మర్చిపోయి ఉంటాం కదా, దానికి.

అసలు టైమంతా తినేది ముడి. నైలాన్ దారాన్ని గాలం కంట్లోంచి దూర్చి, కొసని అసలు దారం చుట్టూనే ఐదు చుట్లు తిప్పి, ఆ కొసని కంటి దగ్గరి సందులోంచి వెనక్కి తెచ్చి, నాలుకతో తడిపి బిగించాలి. తడపకుండా లాగితే రాపిడికి దారం వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది, కిలో చేప పడ్డ రోజు సరిగ్గా అక్కడే తెగుతుంది. ఇంట్లో ట్యూబులైటు కింద, కళ్లజోడు పెట్టుకుని, ఒక ముడికి రెండు నిమిషాలు. కట్ట మీద గాలికి దారం ఊగుతుంటే, చలికి వేళ్లు కొయ్యబారి, కళ్లజోడు సంచీలో ఏ మూలో ఉంటే, అదే ముడికి ఏడు నిమిషాలు. యాభై దాటినవాడు గాలం కట్టాల్సింది ఇంట్లోనే. పన్నెండు గాలాలకి మూరెడు మూరెడు దారం కట్టి, కొసన ఉచ్చు వేసి, థర్మాకోల్ ముక్కలకి చుట్టి పెట్టాను. కట్ట మీద ఆ ఉచ్చుని స్వివెల్‌కి తగిలించడమే పని.

ఎర ముద్ద కూడా రాత్రే. గోధుమపిండి, శనక్కాయ చెక్క పొడి, కొంచెం ఇంగువ. అందులో దూది పీచు పీచుగా లాగి కలిపితే నీళ్లలో తొందరగా విడిపోదు. సగం ఉడికించి తడిగుడ్డలో చుట్టాలి. వానపాములు తడిమట్టితో పెరుగు డబ్బాలో, మూతకి చిల్లులు. అది ఫ్రిజ్‌లో పెట్టబోతే ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను. పెరట్లో కుండ పక్కన పెట్టాను. నీళ్ల బాటిళ్లు నాలుగు గడ్డకట్టించి థర్మాకోల్ పెట్టెలో సర్దాను. చేపకి ఐసు అవే, కరిగాక తాగడానికీ అవే. సంచీలో చివర కావాల్సింది అడుగున, ముందు కావాల్సింది పైన. పటకారు దారంతో నడుముకే కట్టుకున్నాను.

ఇంత చేసి, కోడుమూరులో బెంచీ మీద.

నూనె ఎందుకు కాగలేదంటే గ్యాస్ అయిపోయింది. పిల్లోణ్ణి ఇంకో బండ తెమ్మని పంపి, హోటల్ అక్క ఈలోపు కట్టెల పొయ్యి అంటించింది. నేను గడియారం చూస్తూ ఉండబట్టి ఆమె చేతులు కూడా చూశాను. బొరుగులు ముందే తడిపి, నీళ్లు పిండి, బేసినులో ఉన్నాయి. ఉల్లిగడ్డ, పచ్చిమిరప ఒక పళ్లెంలో, పుట్నాల పొడి సీసాలో, కొత్తిమీర తడిగుడ్డ కింద. మిరపకాయలు చీల్చి వరసగా పేర్చి ఉన్నాయి, తొడిమెలన్నీ ఒకే వైపుకి. పిండి కలిపిన గిన్నె బాణలికి ఎడమ పక్క, జల్లిగంటె కుడి పక్క. చెయ్యి ఎక్కడా వెతుక్కోలేదు. గ్యాస్ ఒక్కటే ఆమె చేతిలో లేనిది.

"అక్కా, ఇంకా ఎంతసేపు? సూర్యుడొస్తే చేపలు పడవు" అన్నాను.

"యాడికి పోతాయి సారూ, నీళ్లలోనే కదా ఉండేది" అంది, పొయ్యి ఊదుతూ.

బామ్మర్ది పగలబడి నవ్వాడు. ఆమెకి అర్థం కాదని నేను ఊరుకున్నాను. తెల్లారగట్ల చల్లదనానికి చేప ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లలోకి మేతకి వస్తుంది, ఎండ ఎక్కితే లోతుకి జారుకుంటుంది, ఆ రెండు గంటలే మనవి. ఇవన్నీ బెంచీ మీద కూర్చుని బామ్మర్దికి చెప్పాను. వాడు బజ్జి కొరుకుతూ "ఊ" అన్నాడు. ఉగ్గాని బాగుందా అంటే, బాగుంది. ప్లేటు 40 రూపాయలు, కర్నూల్లో 50 పెట్టి తినేదానికన్నా మెరుగు. బజ్జి నోట్లో ఉండగానే నేను బండి స్టార్ట్ చేశాను. వాడు టీ గ్లాసు బెంచీ మీద పెట్టి పరిగెత్తి ఎక్కాడు. నలభై ఐదు నిమిషాలు. పుస్తకంలో "ఉగ్గాని – 45" అని రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను.

గాజులదిన్నె కట్ట ఎక్కేసరికి సూర్యుడు బారెడు పైకొచ్చాడు. దాని కాగితం పేరు సంజీవయ్య సాగర్. మన కర్నూలు పక్క పెద్దపాడులో పుట్టి, 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు. మా వైపు ఎవరూ అట్లా అనరు, అందరికీ గాజులదిన్నే. నీళ్ల మీద ఇంకా పల్చగా పొగమంచు, నీటికాకులు మునకలు. వల తీసుకుని పుట్టిలో వస్తున్న పెద్దాయన్ని ముందు అడిగాను, ఇక్కడ గాలం వేసుకోవచ్చా అని. వాళ్ల వలలు కట్టిన చోటు చేత్తో చూపించి "అటు పోవద్దు, ఇటేసుకో నాయనా" అన్నాడు. పుట్టిలో బొచ్చె చేపలు రెండు తోకలు కొడుతున్నాయి. కిలో 160 చెప్పాడు. కర్నూలు మార్కెట్లో అదే బొచ్చె 220, పైగా కళ్లు ఎర్రబడినది.

ఇప్పుడు నా లెక్క. బండి స్టాండు వేసినప్పటినుంచి మొదటి గాలం నీళ్లలో పడేదాకా ఆరు నిమిషాలు. సుంకేసులలో నలభై. కర్ర జోడించడం, రీలు బిగించడం, ఉచ్చు తగిలించడం, ముద్ద గుచ్చడం, అంతే. ఇంకొకరి ముందు గొప్పగా ఉంటుంది గానీ ఉన్నది బామ్మర్ది ఒక్కడే. వాడు పోపులపెట్టెని తిప్పి తిప్పి చూస్తున్నాడు. మూత లోపలి వైపు చుక్కలతో చెక్కిన అక్షరాలు నేను ఇన్నేళ్లలో చూడలేదు.

"ఇది మా అమ్మది బావా. అక్క పెళ్లికి సామాన్లతో ఇచ్చింది. నేనే మోసుకొచ్చినా, పత్తికొండ నుంచి బస్సులో, ఒళ్లో పెట్టుకుని."

మా అత్తగారు పోయి తొమ్మిదేళ్లు. అందులో నేను సీసం గుళ్లు పోశాను. ఏమనాలో తెలియక, పది నంబరు గాలం ఇటివ్వు అన్నాను. వాడు తీసి ఇచ్చాడు. మూత మాత్రం తన పక్కనే పెట్టుకున్నాడు.

కట్టకి నీటి వైపు రాళ్లు పేర్చి ఉంటాయి. నీళ్లు తగ్గే కాలంలో ఆ రాళ్లే గాలాలకి శత్రువులు. మొదటి గంటలో మూడు పోయాయి. పాత నేనైతే ఒక్కో గాలం కోసం పది నిమిషాలు లాగి, తిట్టి, ప్యాంటు మోకాలిదాకా మడిచి దిగేవాణ్ణి. ఎనిమిది రూపాయల గాలం అది. ఈసారి కోసేశాను, కొత్త ఉచ్చు తగిలించాను, ఒక నిమిషం. బామ్మర్ది రీలు దారం వదులుగా చుట్టుకుని పిచ్చుక గూడు కట్టింది. విప్పబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. చిక్కు పడ్డంతవరకు కత్తిరించి పారేయ్, కానీ నీళ్లలో పారేయొద్దు, పక్షుల కాళ్లకి చుట్టుకుంటుంది, సంచీలో వేయి అన్నాను. "నువ్వు ఆఫీసులో కూడా ఇట్లే ఉంటావా బావా" అన్నాడు. సమాధానం చెప్పలేదు.

బెండుని ఎంత లోతుకి కట్టాలన్న దాంట్లో కూడా తెలివి ఉంది. బొచ్చె పైపైన తింటుంది, రోహు మధ్యలో, ఎర్రమోసు అడుగున. రెండు కర్రలుంటే ఒకటి మధ్యకి, ఒకటి అడుగుకి కట్టి ఏది లాగుతుందో చూసుకోవాలి. తొమ్మిదింటికి అడుగుది లాగింది. కిలోకి కొంచెం తక్కువ ఎర్రమోసు. ఇంగువ మహిమ అని నేను, పోపులపెట్టె మహిమ అని వాడు.

తర్వాత రెండు గంటలు జిలేబీ చేప పిల్లలు తప్ప ఏమీ లేవు. ఎండ. ఊరికే నీళ్లు చూస్తూ కూర్చున్నాను. ఈ నీళ్లు హంద్రీవే. కర్నూల్లో మా ఇంటి వెనక పారి తుంగభద్రలో కలిసే హంద్రీ, ఇప్పుడు ముక్కు మూసుకుని వంతెన దాటే హంద్రీ. నా చిన్నప్పుడు మా నాయన అక్కడే వెదురు కర్రతో పరిగెలు పట్టేవాడు. ఆయన సామానంతా ఒక అగ్గిపెట్టెలో. రెండు గాలాలు, చిన్న సీసం ముక్క, నెమలీక కాడ బెండుకి. డ్యూటీ దిగి వచ్చి, చొక్కా విప్పకుండానే అగ్గిపెట్టె జేబులో వేసుకుని వెళ్తే, అమ్మ చారు పెట్టేలోపు గుప్పెడు పరిగెలతో వచ్చేవాడు. ఆయనకి పుస్తకం లేదు, ఏటికి పోవడానికి బండీ లేదు, దారిలో కోడుమూరు లేదు. ఆయన పోయాక ఆ అగ్గిపెట్టె అల్మారాలోనే ఉండేది. 2009 అక్టోబరు వరదలో ఇంట్లోకి మనిషి లోతు నీళ్లొచ్చినప్పుడు అల్మారాతో సహా పోయింది. ఏటి సామాను ఏరే తీసుకుపోయిందని అమ్మ అంది.

ఒంటిగంటకి లేచాం. ఎర్రమోసు ఒకటి, జిలేబీలు తొమ్మిది. గాలం నీళ్లలో ఉన్నది నాలుగు గంటలా ఇరవై నిమిషాలు. పుస్తకంలో రాసి, సుంకేసుల పేజీ పక్కన పెట్టి బామ్మర్దికి చూపించాను. ఉగ్గాని లేకపోతే ఐదు దాటేది అన్నాను. వాడు పోపులపెట్టెని తన టవల్‌లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. కర్రలు నేనే బండికి తాడేసి కట్టుకున్నాను.

కోడుమూరులో వాడు మళ్లీ బండి ఆపమన్నాడు. టీకి అనుకున్నాను. హోటల్ అక్క గ్యాస్ పొయ్యి మీద పాలు కాస్తూ మమ్మల్ని చూసి నవ్వింది.

"పడినాయా సారూ?"

"పడినాయక్కా."

"పొద్దున లెక్క ఇచ్చిపోతారా మరి?"

నేను వాడి వైపు చూశాను, వాడు నా వైపు చూశాడు. నేనిచ్చాననుకుని వాడు, వాడిచ్చాడనుకుని నేను. పుస్తకం తీసి పేజీ తిప్పాను. "ఉగ్గాని – 45" అని ఉంది, అవి నిమిషాలు. ఆమె జల్లిగంటెతో గోడ వైపు చూపించింది. పొయ్యి పైన, మసిపట్టిన సున్నం మీద, సుద్దముక్కతో రాసి ఉంది: "గాలమోల్లు 120".

రెండు ప్లేట్లు 80, పైన తిన్న బజ్జీలు 20, టీలు 20. సరిగ్గా ఉంది. డబ్బులు ఇచ్చి, థర్మాకోల్ పెట్టెలోంచి నాలుగు జిలేబీలు తీసి ఆకులో పెట్టాను. వద్దనకుండా తీసుకుంది. కొంగు తడిపి గోడ మీద అక్షరాలు తుడిచేసి, మళ్లీ పాల వైపు తిరిగింది.