సెలవు పెడితే తగ్గలేదు

బర్నౌట్‌కీ డిప్రెషన్‌కీ తేడా ముందే చెప్పేస్తాను. ఆ రెండూ ఒకటేననుకుని నేను ఆర్నెల్లు పోగొట్టుకున్నాను. బర్నౌట్ జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో దానికి క్యూడీ85 అని కోడ్ పెట్టింది గానీ, ఉద్యోగం వల్ల వచ్చే స్థితి అనే చెప్పింది. ఒంట్లో సత్తువ అడుగంటడం, పని మీద విరక్తి, చేసిందేదీ అక్కరకు రాలేదనిపించడం, ఈ మూడూ దాని గుర్తులు. డిప్రెషన్ అలా కాదు, అది జబ్బే. డ్యూటీ అయ్యాక ఇంటికి కూడా వెంట వస్తుంది. మొదటిది ముదిరితే రెండోదానికి దారి పడొచ్చు. నాకు పడింది.

విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో జనరల్ మెడిసిన్ నాది. అలసటను నేను లెక్కచెయ్యలేదు, అది అందరికీ ఉండేదే. అనుమానించాల్సింది విరక్తిని. ఉత్తరాంధ్ర వార్డుల్లో పురుగుమందు కేసులకు కొదవ లేదు. విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్ మూడు ఆంప్యూళ్ళతో మొదలుపెడతాం, ఒక్కోటి 0.6 మిల్లీగ్రాములు. ఐదు నిమిషాలకు ఆరు, తగ్గకపోతే ఇంకో ఐదు నిమిషాలకు పన్నెండు, ఊపిరితిత్తుల్లో గురగుర ఆగేదాకా. అంతసేపూ మంచం పక్కనే నిలబడాలి. అలా నిలబడి ఉండగా ఒక తల్లి "బాబూ, కళ్ళు తెరుస్తాడా?" అని అడిగింది. నాకు జాలి కలగలేదు. కేస్ షీట్ నిండిపోయింది, కొత్తది ఎవరు తెస్తారన్న చిరాకు కలిగింది. డాక్టర్లలో విరక్తి ఇలాగే ఉంటుంది. కోపంగా కనబడదు, పని చకచకా చేస్తున్నట్టు కనబడుతుంది. అందుకే పైవాళ్ళకు అది పట్టుబడదు, ఒక్కోసారి మెచ్చుకుంటారు కూడా.

పదిహేను రోజులు సెలవు పెట్టాను. మూడు రోజులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. నాలుగో రోజు నుంచి తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ, అన్నం ముద్ద దిగదు, బీచ్ రోడ్డు పది నిమిషాల నడకే అయినా గడప దాటబుద్ధి కాదు. డ్యూటీ లేని రోజుల్లో కూడా తగ్గకపోతే అది ఒట్టి బర్నౌట్ కాదు. ఇదే మాట పేషెంటుకైతే రెండు నిమిషాల్లో చెప్పేవాణ్ణి.

నాకు నేనే మందు రాసుకున్నాను. డాక్టర్లు చాలామంది చేసే తప్పు, చెప్పుకోని తప్పు. ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే ఆల్ప్రజొలామ్, 0.25 మిల్లీగ్రాములది రాత్రిపూట ఒకటి. రెండు వారాల్లో 0.5 అయింది, నెల తిరిగేసరికి సాయంత్రం కూడా ఒకటి. ఇది త్వరగా దిగిపోయే మందు, సగం కరిగిపోవడానికి సుమారు పదకొండు గంటలు. దిగేటప్పుడు అణిచిపెట్టిన ఆందోళన రెట్టింపై లేస్తుంది, దాన్ని మనం జబ్బు ముదిరిందనుకుని ఇంకో మాత్ర వేసుకుంటాం. రోజూ వేసుకుంటే కొద్ది వారాల్లోనే ఒంటికి అలవాటైపోతుంది. ఒక్కసారిగా మానితే ఫిట్స్ కూడా రావొచ్చు. నాకు మాన్పించడానికి ఎనిమిది వారాలు పట్టింది, రెండు వారాలకోసారి పావు వంతు చొప్పున.

రెండో తప్పు కారిడార్‌లో కన్సల్టేషన్. క్యాంటీన్‌లో తోటి డాక్టర్ని "నిద్ర పట్టట్లేదురా, ఏం వేసుకోమంటావ్?" అని అడగడం. వాడు నా బీపీ చూడడు, ఎన్నాళ్ళుగా అని అడగడు, చావు ఆలోచనలు ఉన్నాయా అని అసలే అడగడు. ఆ మూడో ప్రశ్న అడగాలంటే ఎదురుగా కూర్చోవాలి, తలుపు వేసుండాలి.

వైజాగ్‌లో "చినవాల్తేరు పంపించాలి" అన్నది పాత వెక్కిరింత, ప్రభుత్వ మానసిక వైద్యశాల అక్కడే ఉంది మరి. ఆ వెక్కిరింత తెల్లకోటు వేసుకున్నవాళ్ళ నోట కూడా వింటాను. దానికి జడిసే ఆలస్యం చేశాను. చివరికి నేను పనిచేయని చోట, నా పేరు మీద ఓపీ చీటీ తీయించుకుని ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మొదటి మాటే "ఇక్కడ మీరు డాక్టరు కాదండీ, పేషెంటు. మందు నేను రాస్తాను, మీరు వేసుకోండి."

డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 పెట్టారు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాలి. నాకు 17 వచ్చింది. మొత్తం కన్నా తొమ్మిదో ప్రశ్న ముఖ్యం, చనిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాకుండా ఏం వచ్చినా ఆ రోజే మాట్లాడాలి. అర్ధరాత్రి ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఎప్పుడు చేసినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్ కూడా చూశారు. థైరాయిడ్ తగ్గినా ఇదే నీరసం ఉంటుంది, అది చూడకుండా మనసు మీదికి తోసెయ్యకూడదు.

డిప్రెషన్ మందు సెర్ట్రలిన్ రోజుకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 50 చేశారు. మొదటి వారం కడుపులో వికారం, విరేచనాలు, అరచేతుల్లో చెమట. గుణం ఏమీ లేదు. చాలామంది ఇక్కడే మానేస్తారు, ఎందుకంటే ఇబ్బంది ముందొస్తుంది, గుణం రెండు నుంచి ఆరు వారాలకు వస్తుంది. నాకు మూడో వారంలో నిద్ర, ఐదో వారంలో నోటికి రుచి వచ్చాయి. పదో వారంలో బాగున్నాను కదా అని మూడు రోజులు ఆపాను. కళ్ళు తిప్పితే చాలు తలలో కరెంటు కొట్టినట్టయింది. ఆవిడ తిట్టలేదు, కోలుకున్నాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలని మళ్ళీ మొదటినుంచి చెప్పారు.

నైట్ దిగాక నిద్ర ఎందుకు పట్టదో ఈ ఊళ్ళో చెప్పడం తేలిక. సూర్యుడు సముద్రంలోంచే నేరుగా ముఖం మీదికి వస్తాడు. ఆ వెలుతురు కంట్లో పడితే ఒళ్ళు పగలైందనుకుంటుంది. అందుకని బీచ్ రోడ్డు వదిలేసి లోపలి రోడ్డు మీదుగా, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, బండి నడపకుండా ఆటోలో. 17 గంటలు మెలకువగా ఉన్నవాడి చురుకుదనం కొంత మద్యం తాగినవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే కొలిచి చూశారు. గదికి మందపాటి కర్టెన్లు, ఉక్కపోతకు ఏసీ. రాత్రి రెండు దాటాక కాఫీ లేదు. నైట్‌లో కునుకు తీస్తే ఇరవై నిమిషాలే, గంట పడుకుని లేస్తే మత్తు వదలదు.

మందు కన్నా నన్ను ఎక్కువ నిలబెట్టింది హ్యాండోవర్, అంటే డ్యూటీ దిగేటప్పుడు పేషెంట్లను తర్వాతివాళ్ళకు అప్పజెప్పడం, అని చెబితే మావాళ్ళు నవ్వుతారు. అంతకుముందు ఇంటికెళ్ళి అన్నం దగ్గర కూర్చుని "సిస్టర్, 14లో పొటాషియం వచ్చిందా?" అని ఫోన్లు చేసేవాణ్ణి. వార్డు వదిలినా డ్యూటీ దిగేది కాదు. ఇప్పుడు ప్రతి పేషెంటుకూ ఒక కాగితం మీద వరసగా రాస్తాను: ఎంత సీరియస్, కథ రెండు ముక్కల్లో, రావాల్సిన రిపోర్టు ఏది, అది ఎవరు చూడాలి, రాత్రి ఏం తేడా రావొచ్చు, వస్తే ఏం చెయ్యాలి. తీసుకునేవాళ్ళు దాన్ని తిరిగి నాకు చెప్పాలి. మా పీజీలు ఆ చివరిదాన్ని చాదస్తమనుకుని ఎగ్గొడతారు. నాకు మాత్రం ఆ తిరిగి చెప్పించుకోవడంలోనే మనసు ఖాళీ అవుతుంది. ఎదుటివాళ్ళ నోట విన్నాక గానీ బరువు చేతులు మారినట్టుండదు.

ఇవన్నీ చేసినా గంటలు తగ్గకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ మీద 1992 నాటి ఉత్తర్వుల్లో వారానికి 48 గంటలు, ఏకబిగిన 12కి మించకూడదని ఉంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 గంటలు, వారానికొక సెలవు అంది. నేను డైరీలో వేసుకుంటే నావి 88 తేలాయి. ఆ కాగితమూ సైకియాట్రిస్టు ఉత్తరమూ కలిపి ఇస్తే ఆరు వారాలు నైట్లు తీసేశారు. "ఒత్తిడిగా ఉంది సార్" అని మూడుసార్లు అడిగినప్పుడు ఏమీ కదల్లేదు. అంకెలుంటే కదులుతుంది.

ఇప్పుడు నెలకు నాలుగు నైట్లు. సెర్ట్రలిన్ 25కి దిగింది, ఇంకో నెల ఉంది. మొన్న నైట్‌లో మళ్ళీ పురుగుమందు కేసు. ఆరో ఆంప్యూల్ దగ్గర గురగుర ఆగింది. బయట బెంచీ మీద ఉన్న వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి నేనే చెప్పాను.