పావుగంటకో పావు మైలు

"మరి నిద్ర ఎప్పుడు పోయేది నాన్నా?" అని మా అమ్మాయి అడిగేసరికి అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

పొద్దున చదివినప్పటి నుంచీ ఇంట్లో అందరికీ ఆడా ఆండర్సన్ కథే చెబుతున్నా. ఇంగ్లండ్ మనిషి. 1878 డిసెంబరులో బ్రూక్లిన్‌లోని మొజార్ట్ గార్డెన్ హాల్లో నడక మొదలుపెట్టింది. ప్రతి పావుగంటకీ పావు మైలు. అలా 2,700 సార్లు! అంటే 28 రోజులు, రాత్రనక పగలనక. గబగబా నడిచేస్తే మిగిలే ఆ కాసిని నిమిషాల్లోనే నిద్ర, తిండి, అన్నీ. జనం టికెట్లు కొనుక్కుని మరీ వచ్చి చూశారు. జనవరిలో పూర్తి చేసింది.

అప్పట్లో అమెరికాలో, ఇంగ్లండ్‌లో నడక పందేలంటే అంత మోజు. ఆదివారం ఆటలు కూడవు కాబట్టి పెద్ద పందేలు ఆరు రోజులు. హైతీలో పుట్టిన నల్లజాతి యువకుడు ఫ్రాంక్ హార్ట్ 1880లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 565 మైళ్లు తిరిగి గెలిచాడు. మన లెక్కలో 900 కిలోమీటర్ల పైనే. కొన్నేళ్లకు జనం సైకిల్ పందేల వైపు మళ్లారు.

హార్ట్ గొప్పవాడే. నా మనసు మాత్రం ఆండర్సన్‌ని వదలట్లేదు. కళ్లు మూతపడీ పడకముందే లేవడం, మళ్లీ నడవడం, అదీ దాదాపు నెల పాటు... ఊహకే అందట్లేదు.

"పసిపిల్లల తల్లుల్ని అడగండి, చెబుతారు" అంది మా ఆవిడ. నిజమే.

ఆండర్సన్‌ని చూసి బరిలోకి దిగిన ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. రేపు వాళ్ల గురించి చదవాలి.